సరిహద్దు కొండ మీద సవ్తా ఊరు

సోంపేట బజారులో ఎవరు కలిసినా యుద్ధం గురించే అడుగుతారు. రాకెట్లు ఎలా పడతాయి, సైరను మోగితే ఎక్కడ దాక్కుంటారు, భయం వేయలేదా అని. అడిగినవాళ్లకు చెబుతాను. కానీ నేను ఇజ్రాయెల్‌లో ఉన్న కాలంలో ఎక్కువ భాగం యుద్ధం లేదు. ఒక పెద్దావిడకు స్నానం చేయించడం, మందులివ్వడం, చక్రాల కుర్చీలో భోజనశాలకు తీసుకెళ్లడం, ఆవిడ చెప్పేది వినడం నా పని. ఆవిడ చెప్పినదంతా ఒక ఊరి కథ. జీతాలు లేని ఊరు, ఎవరికీ సొంత ఆస్తి లేని ఊరు, పిల్లలు రాత్రిళ్లు తల్లిదండ్రుల ఇంట్లో పడుకోని ఊరు. అలాంటి ఊళ్లను కిబుట్జులు అంటారు. ఆ కథను మనవాళ్లకు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

మాది ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా కొబ్బరితోట దాదాపు మొత్తం నేలకొరిగింది. మళ్లీ నాటిన మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి. మామగారికి అప్పటికే కిడ్నీ జబ్బు. మా ఆయన చెన్నై హార్బరులో కూలికి వెళ్లేవారు. నేను జీఎన్‌ఎం అనే నర్సింగు కోర్సు చదివి శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తున్నాను. ఆ జీతంతో అప్పుకు వడ్డీ కూడా కట్టలేకపోయేవాళ్లం. మా పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు ఐదేళ్లు. ఇద్దరినీ మా అమ్మ దగ్గర వదిలి 2019లో బయలుదేరాను. వలస మా ప్రాంతానికి కొత్త కాదు కాబట్టి దీని గురించి ఇంతకన్నా చెప్పను.

ఊరి పేరు రాయడం లేదు. ఆ కుటుంబం ఇంకా అక్కడే ఉంది. ఇజ్రాయెల్ ఉత్తర కొసన ఎగువ గలిలీలో, లెబనాన్ సరిహద్దు వెంట సాగే కొండల వరుస మీద ఉంటుంది. మనారా, మిస్గవ్ ఆమ్ అనే కిబుట్జులు ఇరుగుపొరుగు. తూర్పు వాకిట్లో నిలబడితే కింద హులా లోయ, లోయ అవతల గోలాన్ ఎత్తులు, ఈశాన్యాన చలికాలమంతా మంచు కప్పుకున్న హెర్మోను పర్వతం కనిపిస్తాయి. పడమటి వైపు కంచె. కంచె అవతల లెబనాన్ ఇళ్లు ఎంత దగ్గరంటే, మేడ మీద ఒకావిడ దుప్పట్లు ఆరేస్తుంటే వాటి రంగులు చెప్పగలిగేదాన్ని. నమాజు పిలుపు మా వంటగదిలోకి వినిపించేది.

నేను చూసుకున్న ఆవిడను అందరూ సవ్తా అనేవారు, అంటే నానమ్మ. నేను వెళ్లేసరికి ఆవిడకు 93 ఏళ్లు. లైప్‌జిగ్‌లో పుట్టారు. 1939లో పదమూడేళ్ల వయసులో, యూదు పిల్లలను జర్మనీ నుంచి తప్పించే యూత్ అలియా అనే ఉద్యమం ఆవిడను ఒంటరిగా పాలస్తీనాకు పంపింది. తల్లిదండ్రులకు అనుమతి దొరకలేదు. యుద్ధకాలంలో రెడ్‌క్రాస్ ద్వారా ఉత్తరాలు వచ్చేవి. ఒక్కో ఉత్తరంలో ఇరవై ఐదు మాటలకు మించి రాయకూడదని నియమం. 1942లో అవీ ఆగిపోయాయి. ఆ కాగితాలు ఆవిడ మంచం పక్క సొరుగులో, బిస్కట్ల డబ్బాలో ఉండేవి. నాతో రెండు మూడుసార్లు చదివించబోయారు. జర్మన్ భాష నాకెలా వస్తుంది? ఆవిడే చదివి, హీబ్రూలో అర్థం చెప్పేవారు.

మొదటి కిబుట్జు దెగానియా. గలిలీ సరస్సు దక్షిణపు ఒడ్డున 1910లో కొద్దిమంది యువతీయువకులు మొదలుపెట్టారు. భూమి అందరిదీ, పని అందరిదీ, వచ్చినది ఉమ్మడి పెట్టెలోకి, ఎవరి అవసరానికి తగినట్టు వాళ్లకు. ఇప్పుడు అలాంటి ఊళ్లు సుమారు 270 ఉన్నాయి. మా కొండ మీది ఊళ్లు 1940లలో పుట్టాయి. మనారా 1943లో, మిస్గవ్ ఆమ్ 1945లో. సవ్తా పద్దెనిమిదేళ్ల పిల్లగా అక్కడికి చేరారు. మొదటి పని రాళ్లు ఏరడం. ఆపిల్ తోట వేయాలంటే ముందు మట్టి కనబడాలి కదా. ఆ రాళ్లతో కట్టిన గోడలు ఇప్పటికీ ఉన్నాయి.

తొలి రోజుల్లో బట్టలు కూడా ఎవరివీ కావు. ఉతికి మడతపెట్టిన వాటిలోంచి వారానికోసారి ఎవరి కొలతకు సరిపోయినవి వాళ్లకు ఇచ్చేవారు. పోయిన వారం తాను కట్టుకున్న గౌను ఈ వారం ఇంకొకరి ఒంటి మీద ఉండేదట. తర్వాత బట్టలకు అంకెలు కుట్టి ఎవరివి వాళ్లకే ఇవ్వడం మొదలైంది. సవ్తా పాత తువ్వాళ్ల అంచున ఆ అంకె ఇంకా ఉండేది. గదిలో సొంతంగా టీ కెటిల్ పెట్టుకోవచ్చా లేదా అని ఊరి సభలో గంటల తరబడి వాదించుకున్నారు. వినడానికి చిన్న విషయం. కానీ గదిలో టీ కాచుకునేవాడు సాయంత్రం భోజనశాలకు రాడు, పదిమందితో కూర్చోడు, అలా మొదలైతే ఊరు ఊరుగా ఉండదని వాళ్ల భయం. ఆ భయం నాకు అర్థమైంది. 1950లలో నాజీల వల్ల నష్టపోయిన యూదులకు జర్మనీ నష్టపరిహారం ఇచ్చినప్పుడు సవ్తా తన వాటా మొత్తం ఉమ్మడి పెట్టెలో వేశారు. అమ్మానాన్నల ప్రాణాలకు వచ్చిన డబ్బు అది. ఎందుకిచ్చారని నేను అడిగితే, "నాకు వాళ్లు పోయాక మిగిలిన బంధువులు ఈ ఊరివాళ్లే కదా" అన్నారు.

పిల్లల ఇల్లు గురించి ఎక్కువ రాయాలి. ప్రసూతి అయి ఆసుపత్రి నుంచి వచ్చిన పసికందు నేరుగా పిల్లల ఇంటికే వెళ్లేది. పాలివ్వడానికి తల్లి వేళకు అక్కడికి వెళ్లాలి. పెరిగే కొద్దీ ఒకే వయసు పిల్లలు ఒక జట్టుగా అక్కడే తిని, అక్కడే చదివి, అక్కడే నిద్రపోయేవారు. తల్లిదండ్రుల దగ్గరికి రోజూ సాయంత్రం నాలుగు గంటలకు వచ్చేవారు. ఆ మూడు నాలుగు గంటలూ ఇంట్లో వంట లేదు, బట్టలుతకడం లేదు, అన్నీ ఊరు చూసుకుంటుంది కాబట్టి తల్లీతండ్రీ పూర్తిగా పిల్లలతోనే గడిపేవారు. రాత్రి మళ్లీ తీసుకెళ్లి పడుకోబెట్టి రావాలి. రాత్రంతా కాపలా ఉండే ఆడమనిషి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరుగుతూ ఉండేది.

అలా ఎందుకు పెట్టుకున్నారు? ఆడవాళ్లు వంటింటికి, ఊయలకు కట్టుబడి ఉండకూడదని. మగవాళ్లతో సమానంగా పొలానికి వెళ్లాలని. మొదట్లో చేతిలో ఉన్న కాస్త డబ్బుతో కట్టిన గట్టి భవనం పిల్లలకే ఇచ్చి, పెద్దవాళ్లు గుడారాల్లో ఉన్నారు. ఉన్నదాంట్లో మంచిదంతా పిల్లలకే పెట్టారని సవ్తా గట్టిగా అనేవారు. దెగానియాలో మాత్రం పిల్లలు ఎప్పుడూ తల్లిదండ్రుల దగ్గరే పడుకునేవారట. అంటే అదొక్కటే దారి కాదని వాళ్లకూ తెలుసు.

సవ్తా కూతురు హైఫాలో టీచరు, రిటైరయ్యారు. ఆవిడ వేరే మాట చెప్పారు. చీకట్లో మెలకువ వచ్చి ఏడిస్తే, కాపలా ఆవిడ అప్పటికి వేరే ఇంటి దగ్గర ఉంటే, పక్క మంచం పిల్లే దగ్గరికి వచ్చి పడుకునేదట. ఆ పక్క మంచం పిల్ల ఇప్పటికీ తోబుట్టువు కన్నా దగ్గర. తల్లి మీద కోపం మాత్రం అరవై ఏళ్లు దాటినా పోలేదు. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నప్పుడు ఆ విషయం ఎత్తేవారు కాదు. ఇద్దరూ విడివిడిగా నాతో మాట్లాడేవారు.

ఎందుకంటే ఇద్దరికీ తెలుసు, నా పిల్లలు ఎక్కడున్నారో. నేను చేరిన కొత్తలో ఒక సాయంత్రం సవ్తా గడియారం చూపించి, "ఫోను తీసుకో, నాలుగైంది" అన్నారు. నాకు అర్థం కాలేదు. "నాలుగు గంటలు పిల్లల సమయం. నా మందులు తర్వాత" అన్నారు. అక్కడ నాలుగంటే మనకు ఎండాకాలంలో ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ఆ రోజు నుంచి ఆవిడ బతికినన్నాళ్లూ ఆ వేళ నాదే. నేను వీడియో కాల్ చేస్తే ఆవిడ కుర్చీ పక్కకు జరుపుకుని తెరలోకి చూసేవారు. మా బాబు చేతిలో పనసతొనలు చూసి అవేమిటని అడిగేవారు. మా అమ్మకు నమస్కారం పెట్టడం నేర్చుకున్నారు. ఒకరోజు కాల్ అయ్యాక, "మా అమ్మకు ఇరవై ఐదు మాటలే ఉండేవి" అని మాత్రం అన్నారు. నేను మారు మాట్లాడలేదు.

నా గురించి ఊళ్లో మొదట చర్చ జరిగింది. పాతకాలం కిబుట్జులో కూలికి మనిషిని పెట్టుకోకూడదన్నది మూలసూత్రం. ఇంకొకరి శ్రమ మీద బతకకూడదని ప్రమాణం చేసుకున్నవాళ్లు. సవ్తా ఆ తరం మనిషి కాబట్టి, జీతం తీసుకునే మనిషి తన ఇంట్లో ఉండటానికి చాలాకాలం ఒప్పుకోలేదట. కానీ ఊరు మారిపోయింది. 1980ల ప్రారంభంలో ఇజ్రాయెల్‌లో ధరలు విపరీతంగా పెరిగాయి. 1985లో ప్రభుత్వం ధరలు అదుపు చేసే పథకం తెచ్చినప్పుడు వడ్డీలు పెరిగి, అప్పులు చేసిన కిబుట్జులు కుదేలయ్యాయి. చిన్నవాళ్లు పట్టణాలకు వెళ్లిపోయారు. తర్వాతి సంవత్సరాల్లో ఒక్కొక్క ఊరూ ఓటేసుకుని, పనిని బట్టి వేర్వేరు జీతాలకు మారింది. దెగానియా కూడా 2007లో మారింది. తోటల్లో థాయిలాండ్ కూలీలు, ముసలివాళ్ల ఇళ్లలో మాలాంటివాళ్లు వచ్చాం. వృద్ధుల సంరక్షణకు అక్కడి జాతీయ బీమా సంస్థ కొంత ఖర్చు భరిస్తుంది కాబట్టి సామాన్య కుటుంబాలు కూడా మనిషిని పెట్టుకోగలుగుతాయి. మా ఊళ్లో భోజనశాల మధ్యాహ్నం మాత్రమే తెరిచేవారు. పళ్లెంలో పెట్టుకున్నదానికి లెక్క కట్టేవారు. ఆ లెక్క యంత్రం దగ్గరికి వచ్చినప్పుడల్లా సవ్తా మొహం తిప్పుకునేవారు.

ఇలాంటి ప్రయత్నం మన పక్కనా జరిగింది. 1950లలో వినోబా భావే పాదయాత్రతో పక్కనున్న ఒడిశా కొరాపుట్ జిల్లాలో వందలాది గ్రామాలు భూమిని ఊరంతటికీ ఉమ్మడి చేస్తామని గ్రామదానం చేశాయి. లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ 1958లో ఇజ్రాయెల్ వెళ్లి కిబుట్జులు చూసివచ్చారు. సాలూరు ఘాటు దిగి వచ్చే బస్సుల్లో తిరిగిన మనకు ఈ సంగతి ఎవరూ బడిలో చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఇక సరిహద్దు సంగతి. ఆ గీతను గీసినవాళ్లు అక్కడివాళ్లు కాదు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్, ఫ్రాన్సు ఆ ప్రాంతాన్ని పంచుకుని, ఇద్దరు సైనికాధికారుల చేత కొలిపించి, 1923లో ఖాయం చేసుకున్నాయి. ఆ కొలతలో ఏడు షియా ముస్లిం గ్రామాలు లెబనాన్ నుంచి పాలస్తీనాలోకి వచ్చాయి. వాటిలో హునీన్ ఒకటి. మా ఊరి నుంచి కారులో కొద్దిసేపు. పాత కోట ఒకటి ఇంకా నిలబడి ఉంది. 1948 యుద్ధంలో హునీన్ ఖాళీ అయింది. దాని భూముల్లో 1951లో మర్గలియోత్ అనే ఊరు వెలిసింది. కింద లోయలో ఖాలిసా గ్రామం ఉన్న చోట ఇప్పుడు కిర్యత్ ష్మోనా పట్టణం ఉంది. 1948 అక్టోబరు చివర కంచె అవతలి హూలా గ్రామంలో పట్టుబడిన మగవాళ్లను ఇజ్రాయెల్ సైనికులు కాల్చి చంపారు. వాళ్ల అధికారికి శిక్ష పడింది, తర్వాత క్షమాభిక్ష దొరికింది. హునీన్ ఆడవాళ్లు అత్తిపళ్లు అమ్మడానికి వచ్చేవారని సవ్తా చెప్పారు. వాళ్లేమయ్యారని అడిగాను. "అప్పుడు మేము అడగలేదు. నా దగ్గర ఉన్న దుఃఖం నాకు సరిపోయింది. ఇప్పుడు అడగాలనిపిస్తుంది, చెప్పేవాళ్లు లేరు" అన్నారు. ఆ మాట చెప్పకుండా ఈ ఊరి చరిత్ర రాస్తే అది సగం చరిత్రే.

1949లో కాల్పుల విరమణ రేఖ, 2000 మేలో ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్ నుంచి వెనక్కి వచ్చాక ఐక్యరాజ్య సమితి గుర్తించిన నీలి రేఖ. రేఖ పొడవునా నీలిరంగు పీపాలు ఉంటాయి. కొన్ని చోట్ల ఆ రేఖ మీదే ఇంకా తగాదా. మన దగ్గర కొఠియా గ్రామాలున్నాయి కదా, సాలూరు పైన. ఇరవై ఒక్క ఊళ్ల కోసం ఆంధ్ర, ఒడిశాల తగాదా 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కింది, ఇంకా తేలలేదు. 2021లో మన ప్రభుత్వం అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకు వెళ్లింది. అక్కడివాళ్ల దగ్గర రెండు రాష్ట్రాల రేషను కార్డులూ ఉంటాయి. రెండు ప్రభుత్వాలు పోటీ పడి రోడ్లు వేస్తాయి. అక్కడ మాత్రం తుపాకులు లేవు. ఆ తేడా ఎంత పెద్దదో నాకు ఇప్పుడు తెలుసు.

మా కొండ మీద తుపాకులు పిల్లల ఇంటి దాకా వచ్చాయి. 1980 ఏప్రిల్ 7 రాత్రి ఐదుగురు సాయుధులు కంచె దాటి మిస్గవ్ ఆమ్ పిల్లల ఇంట్లోకి చొరబడ్డారు. కిబుట్జు కార్యదర్శి, రెండేళ్లు దాటిన పసివాడు, విడిపించడానికి వచ్చిన ఒక సైనికుడు చనిపోయారు. పక్క ఊరే కాబట్టి సవ్తాకు ఆ రాత్రి అంతా గుర్తుంది. ఆ తర్వాత పిల్లలను ఇంట్లోనే పడుకోబెట్టుకుంటామని తల్లులు సభలో లేచి అడిగారు. దేశమంతటా కిబుట్జులు ఒక్కొక్కటిగా అదే దారి పట్టాయి. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత మిగిలినవీ మారాయి. సవ్తా కూతురు అప్పటికే పెద్దదై వెళ్లిపోయింది.

శాంతిగా ఉన్న రోజులే ఎక్కువని ముందే అన్నాను. శరదృతువులో హులా లోయకు లక్షల పక్షులు దిగేవి. ఆ లోయ చిత్తడిని 1950లలో ఎండగట్టి పొలాలు చేశారు, నేల పాడవడంతో 1990లలో కొంత భాగానికి మళ్లీ నీళ్లు వదిలారు. కొంగలు, గూడబాతులు చూస్తే నాకు తేలినీలాపురం గుర్తొచ్చి పాపకు వీడియో తీసి పంపేదాన్ని. సెలవు రోజు టెల్ అవీవ్ వెళ్లి బస్టాండు దగ్గరి దుకాణాల్లో కందిపప్పు, చింతపండు తెచ్చుకునేదాన్ని. నా పప్పుచారు సవ్తాకు ఇష్టం, కారం లేకుండా.

2023 అక్టోబరు 7న దక్షిణాన గాజా సరిహద్దు కిబుట్జుల మీద దాడి జరిగింది. నీర్ ఓజ్‌లో ఉన్న నాలుగు వందల మందిలో దాదాపు నాలుగో వంతు చంపబడ్డారు, లేదా బందీలుగా పోయారు. మర్నాడే మా వైపు లెబనాన్‌లోని సాయుధ సంస్థ హెజ్బొల్లా కాల్పులు మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి సరిహద్దుకు దగ్గరున్న ఊళ్లన్నీ ఖాళీ చేయించారు. మమ్మల్ని తిబేరియాలో ఒక హోటలుకు చేర్చారు. మన ప్రభుత్వం ఆపరేషన్ అజయ్ పేరుతో విమానాలు నడిపింది, అమ్మ వచ్చేయమంది. సవ్తాను మోసి బస్సులో కూర్చోబెట్టింది నేనే. వదిలి రాలేకపోయాను. 2024 మార్చి 4న మర్గలియోత్ తోటలో క్షిపణి పడి పనిచేస్తున్న కేరళ యువకుడు ఒకరు చనిపోయారు. ఆ తోట పక్క రోడ్డు మీద నేను ఎన్నోసార్లు నడిచాను. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదని తర్వాత పాప చెప్పింది. కంచె అవతలి ఊళ్లు, మేస్ అల్ జబల్, హూలా, అదైసే, అవీ ఖాళీ అయి చాలావరకు నేలమట్టమయ్యాయి. దుప్పట్లు ఆరేసే ఆవిడ ఎక్కడికి వెళ్లారో ఎవరిని అడగాలి?

హోటలులో ఊరంతా ఒకే భోజనశాలలో మూడు పూటలా కలిసి తిన్నారు. లెక్క కట్టే యంత్రం లేదు. సవ్తాకు అదొక్కటీ నచ్చింది. కూతురు హైఫా నుంచి వచ్చి అక్కడే ఉండిపోయారు, తల్లి గదిలో అదనపు మంచం వేయించుకుని. రాత్రిళ్లు ఇద్దరూ మాట్లాడుకునేవారు. ఒక రాత్రి కూతురు అడగాల్సింది అడిగేశారు. సవ్తా సమర్థించుకోలేదు. "మాకు తల్లి లేదు. తల్లి ఏమి చేస్తుందో చూసి నేర్చుకునే వయసులో మేమంతా రైలెక్కాం. ఊరే తల్లి అనుకున్నాం" అన్నారు. కూతురు ఆ సమాధానంతో తృప్తి పడ్డారని చెప్పలేను. కానీ మర్నాడు పొద్దున తల్లికి తానే జడ వేశారు. ఆ పని అంతకు ముందు నాది.

సవ్తా ఆ వేసవిలోనే పోయారు. ఊరి శ్మశానం సైన్యం మూసేసిన ప్రాంతంలో ఉండటంతో అనుమతి తీసుకుని కొద్దిమందిమే వెళ్లాం. నవంబరు 27న కాల్పుల విరమణ వచ్చింది. నేను ఆ లోపే ఇంటికి వచ్చేశాను. కూతురు ఇప్పటికీ ఫోను చేస్తారు. ఊరికి సగం కుటుంబాలు తిరిగొచ్చాయని, భోజనశాల మళ్లీ తెరవాలా వద్దా అని సభలో పెద్ద వాదన నడుస్తోందని చెప్పారు.

మా బాబుకు ఇప్పుడు నేను చెప్పిందేదీ చివరి మాట కాదు, అమ్మమ్మను అడిగి వస్తానంటాడు. పాప దగ్గర మాత్రం ఆ నాలుగు గంటల కాల్స్ అన్నీ భద్రంగా ఉన్నాయి, ఏ రోజు ఏమి మాట్లాడామో నాకన్నా బాగా చెబుతుంది. పనసచెట్టు కింద కొత్త కొబ్బరి మొక్కలు నడుమెత్తు దాటాయి. అప్పు తీరింది.

ఈ మధ్య కంచిలి నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. నర్సింగు చదివింది, మూడేళ్ల బాబున్నాడు, ఇజ్రాయెల్ వెళ్లాలనుకుంటోంది. వెళ్లబోయే ఊరు సరిహద్దుకు ఎంత దూరమో, ఆ ఇంట్లో కాంక్రీటు రక్షణ గది ఉందో లేదో ముందు కనుక్కోమన్నాను. ఏజెంటు అడిగిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోమన్నాను. బాబు ఎవరి దగ్గర ఉంటాడని అడిగితే అత్తగారి దగ్గర అంది. పనివేళలు, సెలవు రోజు రాయించుకున్నట్టే, పిల్లాడితో రోజూ మాట్లాడే గంట కూడా ఒప్పంద పత్రంలో రాయించుకోమని చెప్పాను. అలా అడగవచ్చని ఆ అమ్మాయికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదట.